మెమరీ లేని కెమెరా

కెమెరా కొనడానికి మూడు రోజులు తిరిగాను. నా పెళ్లిచీరకి కూడా నేను అంత తిరగలేదు.

రెండువేల ఇరవై ఒకటి, ఏప్రిల్ మొదటివారం. బర్మాలో సైన్యం గద్దెనెక్కి రెండు నెలలు దాటింది. చౌక్తడాలో నేను గుమాస్తాగా పనిచేసే షిప్పింగ్ ఆఫీసు సమ్మెతో మూతపడింది. మా ఆయన బాబూరావు ఓడలో వంటవాడు. ఫోన్లలో నెట్ తీసేశాక ఆయన ఏ సముద్రం మీద ఉన్నాడో కూడా మాకు తెలియదు. లమ్మడాలో మూడో అంతస్తు ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్త పైడితల్లీ. కాగితం మీద అంతే.

కాగితం మీద లేని మూడో మనిషి మా అన్న కూతురు మణిమాల. సర్కారు ఆసుపత్రిలో నర్సు. అందరితో పాటు డ్యూటీ మానేసి, వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లకి కట్లు కట్టింది. దొంగల ఫొటో వేసినట్టు దాని ఫొటో టీవీలో వేశారు. ఇక్కడ ఇంట్లో చుట్టం పడుకోవాలంటే వార్డు ఆఫీసులో పేరు రాయించాలి. నేను రాయించలేదు. నా అన్న కూతురికి నాలుగు మెతుకులు పెట్టడానికి వాళ్ల సంతకం నాకెందుకు?

మా బిల్డింగులకి కాలింగ్ బెల్లులు ఉండవు. కింద ఇనుప గేటుకి ఎప్పుడూ తాళమే. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పై కొసకి గంట, కింది కొసకి క్లిప్పు. వచ్చినవాళ్లు తాడు లాగితే పైన గంట మోగుతుంది. మేం తొంగి చూసి, మనిషిని గుర్తుపట్టి, తాడు పైకి లాక్కుని, క్లిప్పుకి తాళంచెవి తగిలించి మళ్లీ వదులుతాం. వాళ్లు గేటు తీసుకుని లోపలికొచ్చి, లోపలినుంచి తాళం వేసి, చెవి పైకి తెచ్చిస్తారు.

పేపర్లు వేసే ఊ సాన్ ఛో ఇరవై ఏళ్లు ఆ తాడు లాగాడు. రెండు పొట్టి, ఒక పొడుగు. గంట అలా మోగితే తొంగి చూడక్కర్లేదు, అతనే. క్లిప్పుకి పేపరు తగిలించి, మా అత్త దగ్గర నేర్చుకున్న తెలుగులో "ఎల్లొస్తా అమ్మా!" అని కిందనుంచి అరిచేవాడు. బర్మా మనిషి నోట ఆ మాట విని వీధంతా నవ్వేది. అత్త బాల్కనీలోంచి "ఎల్లి రా నాయినా!" అనేది. ఇరవై ఏళ్లు, పొద్దున్నే, అవే మాటలు.

మార్చిలో పేపర్లన్నీ ఆగిపోయాయి. అతను మాత్రం ఆగలేదు. ఎవరో చాటుగా అచ్చేసే ఒంటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి క్లిప్పుకి తగిలించి పోయేవాడు. వేళ్ల కొసలకి సిరా అలాగే ఉండేది.

మార్చి నెలాఖరులో ఒకరోజు, మధ్యాహ్నం నాలుగింటికి, వీధి చివర తుపాకులు పేలాయి. ఎవరో పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు. మా గంట మోగింది. రెండు పొట్టి, ఒక పొడుగు. మళ్లీ రెండు పొట్టి, ఒక పొడుగు.

బాల్కనీలోంచి తొంగి చూసినవాళ్లని కూడా కాలుస్తున్న రోజులు. తాళంచెవి పట్టుకుని నేల మీద పాక్కుంటూ వెళ్లాను. వెనక గదిలో మణిమాల ఉంది. చెవి దిగడం సిపాయిల కంటపడితే నేరుగా మా ఇంటికే వస్తారు. నేను చెవి వదల్లేదు. తాడు పైకి లాగేశాను. లాగుతుంటే అవతలివైపు ఒక్క క్షణం బరువు తగిలింది. తరవాత తేలికైపోయింది.

ఒకే ఒక్క తుపాకి చప్పుడు. ఆ తరవాత లారీ వెళ్లిపోయిన చప్పుడు.

శవాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు వార్డు పెద్ద మైకు పట్టుకుని, మా వీధిలో ఎవరూ చనిపోలేదని చెప్పుకుంటూ తిరిగాడు. వార్డు పెద్దంటే పరాయివాడేం కాదు. మా వీధిలోనే పుట్టి, మా అత్త చేతి గారెలు తిని, మొన్నమొన్నటిదాకా ఫోన్ రీచార్జి కార్డులు అమ్ముకున్నవాడు. కొత్త దొరలు వచ్చాక పెద్దయ్యాడు. ప్రతి గేటుకీ ఒక మారుచెవి తన దగ్గర ఉండాలన్నది కూడా వాడి హుకుమే.

మూడో రోజు సాయంత్రం అత్త అన్నం వండింది. "ఎవులూ సావలేదంట! మరి నానెవులికి పెడతన్నాను కూడు?" అని తిట్టుకుంటూ, ఆకులో అన్నం, పప్పు, వేపిన చేపముక్క పట్టుకుని కిందికి దిగింది. గేటు బయట గోడవార ఆకు పెట్టి దీపం వెలిగించింది. నేను పక్కనే ఉన్నాను.

"తిను నాయినా. మావల్ల తప్పయిపోనాది," అని దండం పెట్టింది. మోకాళ్లు పట్టుకుని లేస్తూ, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ, ఆ మాట అనేసింది. "ఎల్లి రా నాయినా."

మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. గుమ్మం దాటే మనిషిని వెళ్లిపొమ్మనం, వెళ్లి రమ్మంటాం. ఒక్క చావింట్లోనే ఆ మాట అనం. పోయినవాళ్లని మళ్లీ రమ్మని ఎవరూ పిలవరు.

అత్త నాలిక కరుచుకుంది. "ఏటనీసేనే జయా..." అంది మెల్లగా.

ఏం కాదులే అన్నాను. పైకొచ్చి తాడు మొదలంటా కోసి, కుట్టుమిషను సొరుగులో పడేశాను. గంట మాత్రం మేకుకి అలాగే ఉండిపోయింది.

తాడు లేకపోయినా, తొంగి చూడ్డానికి వీల్లేకపోయినా, గేటు దగ్గరికి ఎవరొచ్చారో తెలియాలి. సిపాయిలు గేటు దగ్గర కనిపించగానే మణిమాల వంటింటి వెనక ఇనుపమెట్ల మీంచి సందులోకి దిగి, అవతలి వీధిలో తులసమ్మగారింటికి చేరుకోవాలి. దానికి ఐదు నిమిషాలు పడుతుంది. నేను కొనబోయింది కెమెరా కాదు, ఆ ఐదు నిమిషాలు.

సన్యాసి అని మనవాడే, కెమెరాలు బిగిస్తాడు. తిరగడం మొదలెట్టిన మూడో రోజు అతని షాపులో కూర్చున్నాను.

"ఇది వైఫైదక్కా. ఎక్కడున్నా ఫోన్లో సూసుకోవచ్చు."

"ఫోన్లో నెట్టేది?"

"అవును గదా," అని దాన్ని డబ్బాలో పెట్టేశాడు. "అయితే ఇది తీసుకో. నాలుగు కెమెరాలు, రికార్డింగ్ పెట్టె. నెల్లాళ్లు దాసుకుంటాది."

అక్కడే వద్దన్నాను. పక్కవీధిలో ఒక బంగారం కొట్టు నుంచి సిపాయిలు ఇలాంటి పెట్టెనే పట్టుకుపోయారు. అందులో మొహాలు చూసి ఆరుగురిని ఇళ్లలోంచి ఈడ్చుకెళ్లారు. కొట్టువాడు దొంగల కోసం పెట్టుకున్నది దొంగలకే పనికొచ్చింది.

"మెమరీ లేనిది ఉందా?"

సన్యాసి నవ్వాడు. "మెమరీ లేకపోతే కెమెరా ఏటికక్కా?"

"చూస్తే చాలు. గుర్తుపెట్టుకోవడం మా పని."

అతని నవ్వు ఆగిపోయింది. పాత సామానులోంచి ఒక కెమెరా వెతికి తీశాడు. ఒక్క కెమెరా, ఒక్క వైరు, ఇంట్లో మూలపడ్డ డబ్బా టీవీ, కరెంటు పోతే నడవడానికి కారు బ్యాటరీ. పెట్టె లేదు, కార్డు లేదు. ఆ క్షణాన ముందున్నది చూపిస్తుంది, అంతే. బాల్కనీలో తులసి కుండీ వెనక బిగించి, గేటు మీదికి తిప్పి పెట్టాడు.

ఆ సాయంత్రం ఎనిమిదికి రోజూలాగే గిన్నెలు మోగాయి. ఇంట్లో దూరిన దెయ్యాన్ని గిన్నెలు మోగించి తోలడం బర్మావాళ్ల పాత ఆచారం. ఈసారి దెయ్యం యూనిఫారం వేసుకొచ్చింది కాబట్టి, కర్ఫ్యూ మొదలయ్యే వేళకి ఊరు ఊరంతా బాల్కనీల్లోకి వచ్చి బాదేవాళ్లం. అత్త ఇత్తడి పళ్లేన్ని అట్లకాడతో వాయించేది. డెబ్భై నాలుగేళ్ల మనిషికి ఆ పావుగంటా ఎక్కడ లేని బలం వచ్చేది.

మోత ఆగింది. ఎండాకాలపు ఉక్క. కింద కాలవ కంపు, ఎవరింట్లోనో ఎండుచేపలు వేగుతున్న వాసన. టీవీలో నలుపూ తెలుపూగా గేటు, దాని ముందు ఖాళీ రోడ్డు. కుక్క కూడా లేదు.

గంట మోగింది.

రెండు పొట్టి. ఒక పొడుగు.

ముగ్గురం తలెత్తాం. గంట నాలుక ఇంకా ఊగుతోంది. దానికి తాడు లేదు. నేనే కదా కోసింది...

"అత్తా... టీవీ," అంది మణిమాల.

టీవీలో తాడు ఉంది. కెమెరా ముందునుంచి, తెల్లగా, తిన్నగా కిందికి వేలాడుతోంది. నేను బాల్కనీలోకి పాక్కుంటూ వెళ్లి చెయ్యి చాపి తడిమాను. గాలి తప్ప ఏమీ తగల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే, టీవీలో నా చెయ్యి కనిపించింది. తాడు నా అరచేతిలోంచే పోతోంది... కింది కొస గేటు పక్క నీడలోకి వెళ్లింది. ఆ నీడలో ఏముందో కనిపించలేదు. తాడు బిగుసుకుంది. గది లోపల గంట మళ్లీ మోగింది.

మర్నాడు పగలు సన్యాసి వచ్చి వైర్లన్నీ విప్పి చూశాడు. "కేబుల్లో ఏటో తేడా అక్కా," అన్నాడు. గంట సంగతి చెప్పాను. గంట వైపు చూసి, సంచి సర్దుకుని దిగిపోయాడు. మళ్లీ మా మెట్లెక్కలేదు.

ఊ సాన్ ఛో మాత్రం రోజూ వచ్చాడు. గిన్నెలు ఆగీ ఆగగానే. నాలుగో రోజుకి ఇల్లంతా అచ్చుసిరా వాసన, తడిసిన పేపరు వాసన. అత్త గోడకి జారబడి "నానే పిలిచీసేను" అని గొణుక్కునేది. నాకు భయం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. ఆ రోజు తగిలిన బరువు నా చేతుల్లోంచి పోలేదు. అన్నం కలుపుతున్నా, బట్టలు పిండుతున్నా తగులుతూనే ఉండేది.

ఏడో రోజు మణిమాల బట్టల సంచి సర్దుకుంది.

"నా కోసమే కదత్తా మీరు తాళం ఇవ్వలేదు. అతను వచ్చేది నా కోసమే. నేను నది అవతల లైంగ్‌థార్యార్ పోతాను. ఫ్యాక్టరీ అమ్మాయిల గదుల్లో దాక్కుంటాను."

"నది దాటేలోపు ఎన్ని చోట్ల ఆపుతారో తెలుసా? నీ మొహం టీవీలో ఉంది."

"ఇక్కడుంటే మీ ఇద్దరికీ..."

"అతన్ని చంపింది నువ్వు కాదు. నేనూ కాదు. చంపినవాళ్లు ఒక్క పూట కూడా తిండి మానలేదు, మనమెందుకు ఇల్లు వదలాలి?" సంచి లాక్కుని బీరువా మీద పెట్టాను. గట్టిగానే అన్నాను గానీ, ఆ పిల్ల గడప దాటితే మళ్లీ కంటికి కనపడదని నా భయం.

మర్నాడు చీకటి పడుతుండగా కరెంటు పోయింది. బ్యాటరీ మీద టీవీ నడుస్తోంది. గదిలో అదొక్కటే వెలుతురు. ఎనిమిదింకా కాలేదు. గిన్నెలు మొదలవలేదు. గంట మోగింది.

రెండు పొట్టి. ఒక పొడుగు. ఆగలేదు. రెండు పొట్టి, ఒక పొడుగు. రెండు పొట్టి, ఒక పొడుగు... మేకు చుట్టూ సున్నం రాలుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏటి కావాలి నీకు? ఏటి కావాలి?" అని గంట మీదికే వెళ్లాను. గుసగుసగానే. బయటికి వినపడకూడదు కదా.

"తాళంచెవే," అంది అత్త చీకట్లోంచి. "ఆ దినం అడిగిందే అడుగుతన్నాడు. ఇచ్చీ."

"ఇస్తే పైకొస్తాడు."

"రానీ. మనోడే గదా."

సొరుగు లాగాను. తాడు చుట్ట అలాగే ఉంది. ముట్టుకుంటే తడి. క్లిప్పుకి తాళంచెవి తగిలించాను. బాల్కనీలో బోర్లా పడుకుని, చువ్వల మధ్యనుంచి కిందికి వదిలాను. మూర తరవాత మూర.

బరువు తగిలింది.

అదే బరువు.

"అత్తా..." మణిమాల వేలు చూపించింది. టీవీలో, గేటు పక్క నీడలోంచి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. క్లిప్పు నొక్కి, చెవి తీసుకుంది.

కింద గేటు కిర్రుమంది. మూసుకుంది. లోపలినుంచి తాళం పడింది. తరవాత మెట్ల మీద చెప్పులు. టప్... ఈడుపు. టప్... ఈడుపు. మొదటి అంతస్తు. రెండో అంతస్తు. మా తలుపు ముందు ఆగాయి. తలుపు తట్టలేదు.

అప్పుడు ఎనిమిదయింది. వీధిలో గిన్నెలు మొదలయ్యాయి. మొదలైన నిమిషానికే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అలా మధ్యలో ఆగితే మా అందరికీ అర్థం ఒకటే. లారీ వచ్చింది.

టీవీ వైపు చూశాను. లారీ లేదు. సిపాయిలు లేరు. టీవీలో ఎండ ఉంది. మధ్యాహ్నం నాలుగింటి ఎండ.

"పద," అని మణిమాల రెక్క పట్టుకుని వంటింట్లోకి లాగాను. కింద ఎవరో గేటు ఊపుతున్నారు. "తాళం తిరగట్లేదు!" అని బర్మా భాషలో అరిచింది వార్డు పెద్దే. వాడి మారుచెవి అంతకుముందు బాగానే తిరిగేది. ఆ పూట తిరగలేదు. ఇనుప చువ్వతో బాదడం మొదలుపెట్టారు. ఒక నిమిషం... రెండు నిమిషాలు... మణిమాల నా మెడ కావలించుకుంది. "ఎల్లి రా అమ్మా," అన్నాను. అది చీకట్లోకి దిగిపోయింది. గేటు విరిగేసరికి ఏడు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాలు ఎక్కువే వచ్చాయి మాకు.

మా తలుపు గడియ నేను తియ్యలేదు. వాళ్లు వచ్చేసరికి అది తీసి ఉంది.

నలుగురు సిపాయిలు, వార్డు పెద్ద. చేతిలో టార్చి. "ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

సిపాయిలు మంచాల కింద, బీరువాలో, నీళ్ల డ్రమ్ములో వెతికారు. వార్డు పెద్ద చూపు టీవీ మీద పడి, అక్కడే ఉండిపోయింది. టీవీలో మా గేటు. ఎండలో ఊ సాన్ ఛో రెండు చేతులతో తాడు పట్టుకుని ఉన్నాడు. వీధి మధ్యలో ఒక మనిషి చెయ్యి చాపి, సిపాయిలకి అతన్ని చూపిస్తున్నాడు. చెయ్యి చాపినవాడు ఇప్పుడు మా గదిలో, నా ముందు నిలబడి ఉన్నాడు.

"రికార్డింగ్ పెట్టె... ఎక్కడ?"

"పెట్టె లేదు. దీనికి మెమరీ లేదు."

"అబద్ధం!"

తనే వైరు పట్టుకుని బాల్కనీ దాకా పోయాడు. తులసి కుండీ పడదోసి, కెమెరా పీకి, వైరు తెంపాడు. వెనక్కి తిరిగాడు. బొమ్మ పోలేదు. బ్యాటరీ క్లిప్పులు ఊడలాగాడు. బొమ్మ పోలేదు. ఎండ అలాగే గదిలో, వాడి మొహం మీద పడుతోంది.

"కెమెరా పెట్టించి వారమే అయింది," అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది, అంత నిదానంగా ఉంది. "ఆ రోజు ఈ ఇంట్లో కెమెరానే లేదు. అయినా మన వీధిలో ఎవరూ చనిపోలేదని నువ్వే చెప్పావుగా. మరి ఆ మనిషెవరు?"

టీవీలో ఊ సాన్ ఛో తాడు వదిలాడు. మెల్లగా ఇటు తిరిగాడు. మా బాల్కనీ వైపు కాదు... వార్డు పెద్ద వైపు.

ఒక సిపాయి తుపాకి మడమతో టీవీ పగలగొట్టాడు. గది చీకటైంది. సిరా వాసన మాత్రం ఇంకా దగ్గరికొచ్చింది. వాళ్లు మా అత్తని ఏమీ అడగలేదు, నన్ను పట్టుకోలేదు. ఒకరినొకరు తోసుకుంటూ మెట్లు దిగారు. వార్డు పెద్ద అందరికన్నా వెనక.

కాదు, అందరికన్నా వెనక వాడు లేడు. వాడి వెనక చెప్పులు దిగుతున్నాయి. టప్... ఈడుపు.

నేను మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఈసారి అలవాటు కొద్దీ కాదు. తెలిసే, కావాలనే, వీధికి వినపడేలా అన్నాను.

"ఎల్లి రా నాయినా!"

మలుపులో వార్డు పెద్ద తలెత్తాడు. మా వీధిలో పుట్టినవాడు, ఆ మాట తెలిసినవాడు. తనతోనే అన్నాననుకున్నాడు. చిన్నప్పుడు గారెలు తిని వెళ్లేటప్పుడు ఊపినట్టే తలూపి, దిగిపోయాడు.

మణిమాల క్షేమం. ఎక్కడుందో చెప్పను. నేను తాడు మళ్లీ కట్టాను, అందరికీ కనపడేలా కొత్త క్లిప్పుతో. కెమెరా మళ్లీ కొనలేదు. వార్డు పెద్ద మాత్రం కొన్నాడు. ఇంటి చుట్టూ ఎనిమిది కెమెరాలు, నెల్లాళ్లు దాచుకునే పెట్టె. జూన్‌లో ఒకరోజు వాడి తలుపు లోపలినుంచి తాళం వేసి ఉందని పగలగొట్టారు. ఇంట్లో ఎవరూ లేరు. ఆ కెమెరాలు బిగించిన సన్యాసి మా గేటు బయటే నిలబడి ఈ సంగతి చెప్పాడు. పెట్టె మీద ఒక తాళంచెవి ఉందట, ఆ ఇంట్లో ఏ తాళానికీ పట్టలేదట. అది మా గేటుదని నేను చెప్పలేదు.

ఊ సాన్ ఛో రోజూ వస్తాడు. రెండు పొట్టి, ఒక పొడుగు. అత్త ఆకులో అన్నం పెడుతుంది. మాకిప్పుడు అతనంటే భయం లేదు.

నిన్న అతను వచ్చి వెళ్లాక, గంట మళ్లీ మోగింది. పొట్టీ కాదు, పొడుగూ కాదు. గుంజుడు... మళ్లీ గుంజుడు. వార్డు పెద్దయ్యాక తలుపులు బాదడమే తప్ప తాడు లాగి ఎరగని మనిషి గుంజినట్టు.

అత్త ముద్ద నోటి దగ్గరే ఆపింది.

"జయా... ఈడికి మాత్రం ఆ మాట అనకు."

ఎప్పుడో అనేశానని ఆమెకి చెప్పలేదు. లేచి వెళ్లి తాడు పట్టుకుని పైకి లాగాను. బరువు తగిలింది. ఒక క్షణం... ఇంకో క్షణం... తేలికవ్వలేదు. అవతలివాడు వదల్లేదు.

నేనూ వదల్లేదు.